రెండు తూముల గుహలో నీరుగంటి

తీగల వంతెన మధ్యకు వచ్చేసరికి తెగింది.

తెగిన కొసను రెండు చేతులా పట్టుకుని బయ్యన్న కొండ గోడకు వెళ్ళి గుద్దుకున్నాడు. నడుముకు కట్టిన పార ఖంగుమంది. కింద లోయ. ఆ లోయలో ఎండిపోయిన ఏరు, పాము విడిచిన కుబుసంలా తెల్లగా, వంకరలు తిరిగి పడి ఉంది. చూసినవాడికి కళ్ళు తిరగాలి. బయ్యన్న చూడలేదు.

"ముత్తా, ఉండావా?" అన్నాడు.

"ఉన్నాను. ఎంతసేపుంటానో చెప్పలేను" అని రెండు బారల కింద నుంచి జవాబు వచ్చింది.

ముత్తడు చెంబులకు కళాయి పూసేవాడు. ఎనిమిది రోజుల కిందట దారిలో కలిశాడు. వీపున తోలుతిత్తి, చంకలో సంచి, మూతి మీద సన్నని మీసం. మాట మెత్తన, నడక ఇంకా మెత్తన.

వంతెన తెంపిన గండభేరుండం ఆకాశంలో ఒక చుట్టు తిరిగి మళ్ళీ వస్తూంది. రెక్క విప్పితే కొండంతా నీడ. రెండు తలలు, రెండు ముక్కులు, ఒక్కో ముక్కు నాగలి అంత. దాని ఈకల మీద ఎండ పడి రాగి రంగు, పసుపు రంగు, నెమలికంఠం రంగు అలలుగా కదిలిపోతున్నాయి. చావు ఇంత అందంగా వస్తుందని బయ్యన్న ఎన్నడూ అనుకోలేదు.

ముత్తడు ఒంటిచేత్తో వేలాడుతూనే సంచి విప్పాడు. కళాయికి వాడే నవాసారం పొడి గుప్పిట నిండా తీశాడు. పక్షి మీదికి వచ్చేదాకా ఆగి, రెండు మొహాల మీదా చల్లాడు. నాలుగు కళ్ళూ మూతపడ్డాయి. ఒక తల తుమ్మింది. రెండో తల దగ్గింది. ఎవరి మాట వినాలో తెలియని ఆ పక్షి ఒళ్ళు బొంగరంలా తిరుగుతూ లోయలోకి దిగిపోయింది.

"మంచి సరుకే" అన్నాడు బయ్యన్న. అంతకు మించి మెచ్చుకోవడం అతనికి చేతకాదు.

తీగ పట్టుకుని పాకుతూ ఇద్దరూ గుహ వాకిలి చేరారు.

వాళ్ళు వచ్చిన పని ఇది. ఏడంచెలపురం కొండను ఏడు మెట్లుగా చెక్కి, మెట్టుకొక పేట చొప్పున కట్టిన రాజ్యం. అన్నిటికంటే పైన రాజుగారి మేడలు, బంగారు శిఖరాలు, కలువ కొలనులు. అన్నిటికంటే కింద, కోటగోడను ఆనుకుని, మట్టి ఇళ్ళ ఏడో అంచె. నలభై గడపలు. ఊట పైన పుడుతుంది. పైవాళ్ళు వాడుకోగా మిగిలింది కిందికి దిగుతుంది. మూడేళ్ళుగా ఊట సన్నగిల్లింది. పైన కొలనులు మాత్రం నిండుగానే ఉన్నాయి. ఏడో అంచెలో ముసలివాళ్ళు తడిగుడ్డ చప్పరిస్తూ పొద్దుపుచ్చుతున్నారు. ఇంకో పది రోజులు పోతే ఆ గుడ్డ తడపడానికి కూడా ఉండదు.

బయ్యన్న ఆ ఏడో అంచెకు నీరుగంటి. చెరువు తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంత తడి పారాలో చూడడం అతని పని. తాత చేశాడు, తండ్రి చేశాడు, తను చేస్తున్నాడు. ఊటకు మూలమైన నీలకుండం ఈ కొండ గుహలో ఉందనీ, దానికి రెండు తూములున్నాయనీ, యక్షుడొకడు కాపలా ఉన్నాడనీ లోకమంతా ఎరుగును. వెళ్ళినవాడు తిరిగి రాలేదనీ ఎరుగును. తూము అన్న మాట చెవిన పడ్డాక బయ్యన్న ఇంకేమీ అడగలేదు. పార తీసుకుని బయలుదేరాడు.

గుహలోకి నాలుగడుగులు వేసి ఇద్దరూ నిలబడిపోయారు.

నీళ్ళు నేల మీద లేవు. నెత్తి మీద ఉన్నాయి. కప్పు ఉండవలసిన చోట ఒక మహా చెరువు బోర్లా పరుచుకుని ఉంది. కింద ఏ ఆధారమూ లేదు. ఒక్క చుక్క కారడం లేదు. అందులో వెండి చేపలు వెల్లకిలా ఈదుతున్నాయి. తామరలు కిందికి పూసి దీపాల్లా వేలాడుతున్నాయి. కొండకు పైన ఎక్కడో ఉన్న చిల్లులోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ ఆ నీళ్ళను దాటి దిగి, నేల మీద నీలం ముగ్గులు వేస్తూంది, చెరుపుతూంది, మళ్ళీ వేస్తూంది. బయ్యన్న తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. అన్ని నీళ్ళు అతను పుట్టి చూడలేదు. అలా ఎంతసేపు చూశాడో, మెడ నొప్పి పుట్టాక తెలిసింది.

కింద రాతి నేలలో ఏడు కాలవలు చెక్కి ఉన్నాయి. మొదటిది రథం పట్టేంత. ఏడోది చిటికెనవేలు పట్టేంత. కాలవల మొదట రెండు స్తంభాలు నేల నుంచి నీటికప్పు దాకా లేచి ఉన్నాయి. ఒక్కో స్తంభానికి ఒక్కో రాతిబిరడా. వాటి చుట్టూ మనుషులు. కిరీటాలవాళ్ళు, జటలవాళ్ళు, తాటాకు పుస్తకాలు పట్టుకున్న పండితులు. అందరూ రాయి. ఒక రాకుమారుడి నుదుటి మీద చెమట చుక్క కూడా రాయే.

"ముప్పైఇద్దరు" అన్నది ఒక గొంతు. ఎండుటాకులు నలిపినట్టుంది.

స్తంభాల మధ్య యక్షుడు కూర్చుని ఉన్నాడు. కూర్చున్నా తాడిచెట్టంత. ఒంటి నిండా నాచు ఎండి పొలుసులు లేచింది. పెదవులు పగిలి నెర్రెలిచ్చాయి. పేరు శుష్కకంఠుడు.

"ఎడమది లేమితూము" అన్నాడు యక్షుడు. "తీస్తే ఆ రాజ్యంలో దప్పిగొన్నవాడు ఉండడు. ప్రతి కుండా నిండుతుంది. పైవాడికి ఎంత పెరుగుతుందో నేను చెప్పను. కుడిది తేడాతూము. తీస్తే పైవాడూ కిందివాడూ ఒక్క మట్టం. వెంట్రుకవాసి హెచ్చుతగ్గు ఉండదు. ఆ మట్టం మొలలోతో, ఉత్త తడిబురదో నేను చెప్పను. ఒక్కటే తీయాలి. తప్పు తీసినవాడు ఇక్కడే ఉంటాడు."

"ఇందులో తప్పేది సామీ?"

"ఈ ముప్పైఇద్దరిలో పదహారుమంది ఎడమది తీశారు. పదహారుమంది కుడిది తీశారు."

బయ్యన్న గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఎడమ వైపు నడిచాడు.

ముత్తడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. తీయవలసింది అది కాదు. మేడల మీద ఏం జరుగుతుందో నువ్వు చూడలేదు. నేను చూశాను. ఏనుగులకు పన్నీటి స్నానం చేయిస్తారు."

"చేయించుకోనీ. ఏనుగు మురికిగా ఉంటే మా పెద్దవ్వ దప్పి తీరుతుందా?"

"ఈ ఏడు తీరుతుంది. ఊట మొదలు ఎవరి గుప్పిట్లో ఉంటుంది? పైవాడి గుప్పిట్లోనే. వాడికి కోపం వచ్చిన నాడు మీ పెద్దవ్వ ఎవరిని అడుగుతుంది?"

"కోపం వచ్చిన నాటి సంగతి ఆ నాడు. అవ్వ అందాకా బతకాల గదా."

"బిచ్చం నీళ్ళతో బతుకుతుందా?"

"బతికినోళ్ళను చూసినా. సమంగా ఎండిన ఊరిని కూడా చూసినా ముత్తా. అందరి కుండా ఖాళీనే. పక్కింటాయన కూడా పస్తే కదా అని ఒక్కడికీ కడుపు నిండలా."

ముత్తడు చటుక్కున కుడి స్తంభం దగ్గరికి ఉరికి, బిరడా రెండు చేతులా పట్టి లాగాడు. అది అంగుళం కదిలింది.

నెత్తి మీది నీళ్ళు అద్దంలా నిలిచిపోయాయి. అందులో ఏడంచెలపురం కనిపించింది. బంగారు శిఖరాలు వెన్నపూసలా కరిగి కిందికి దిగుతున్నాయి. మట్టి ఇళ్ళు పైకి లేస్తున్నాయి. ఏడు మెట్లూ కలిసి ఒక్క చాప పరిచినట్టు, చూపు ఆనినంత మేర, చదునైన నేల అయింది. రాజుగారూ, రజకుడూ పక్కపక్కన నిలబడ్డారు. అంత చక్కని మట్టం ఏ నీరుగంటీ కలలో కూడా చేయలేడు. ఆ చదును మీద నీళ్ళు పలచగా పరుచుకున్నాయి, వేలి గోరంత లోతు. పొద్దు ఒక్క జాము కాసింది. తడి ఆరిపోయింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

బొమ్మ చెదిరింది. ముత్తడు కెవ్వుమన్నాడు. అతని కాలివేళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. చీలమండలు గట్టిపడ్డాయి. ఊపుకు తలపాగా జారింది, మీసం ఊడింది, నల్లని జడ మోకాళ్ళ దాకా పడింది. అతను ముత్తడు కాడు. రాజుగారి ఒక్కగానొక్క కూతురు హేమనళిని.

"తాకితే తాకినట్టే" అన్నాడు యక్షుడు. "రాయి గొంతుకు చేరేలోగా రెండోవాడు సరిగా పారిస్తే దిగుతుంది. లేకపోతే ముప్పైమూడు, ముప్పైనాలుగు."

రాకుమారి బయ్యన్న మొహం చూసింది. "నీకు ఆశ్చర్యంగా లేదే?"

"రెండో రోజే తెలిసింది తల్లీ. ఏటి చలమ దగ్గర దోసిలి పట్టి కూర్చున్నారు, ఎవరో వచ్చి పోస్తారని."

"తెలిసీ ఇన్నాళ్ళూ ఒరే ముత్తా అన్నావా?"

"వేషం మీది. చెడగొట్టేదానికి నేనెవణ్ణి?"

రాయి మోకాళ్ళు దాటింది. బయ్యన్న ఎడమ స్తంభం దగ్గరికి పరుగెత్తాడు. బిరడా మీద చెయ్యి వేయబోయాడు. ముప్పై ఏళ్ళ అలవాటు చెయ్యి పట్టి ఆపింది.

ఏడో అంచెలో తూము తీసే ముందు నీరుగంటి చివరి మడి వైపు తిరిగి కేకెయ్యాలి. కాలవ పూడిక తీసేవాళ్ళు ఎవరైనా అందులో దిగి ఉంటారని. ఇక్కడ మడి లేదు, పూడిక లేదు. ఉన్నది యక్షుడూ, రాళ్ళూ. అయినా నోరు ఊరుకోలేదు. చిటికెనవేలంత కాలవ పోయిన చీకటి బొరియ వైపు తిరిగి, చేతులు దొప్పగా పెట్టి, గొంతెత్తి అరిచాడు.

"ఓ... చివర ఎవరుండారో... నీళ్ళొస్తాండాయి..."

"ఇక్కడ ఎవరున్నారని కేక?" అంది హేమనళిని. రాయి ఆమె నడుముకు చేరింది.

కేక గుహ గోడల మీద దొర్లి దొర్లి బొరియలోకి పోయింది. పోయి ఎంతకూ తిరిగి రాలేదు. తర్వాత భూమి అడుగున ఎక్కడో, ఎన్ని ఆమడల అవతలో, ఒక ముసలి ఆడగొంతు పలికింది.

"ఉండా నాయనా. చివర నేనుండా."

యక్షుడు లేచి నిలబడ్డాడు. ఎండిన నాచు పెళపెళ రాలింది. "ముప్పైఇద్దరు వచ్చారు" అన్నాడు. "చివర ఎవరని ఒక్కడూ కేకెయ్యలేదు. అక్కడ మనిషి ఉన్నదని నాకే తెలియదు."

"మీ మడి యాడుంది సామీ?" అన్నాడు బయ్యన్న.

"నాకు మడి లేదు. నేను కాపలావాణ్ణి."

"అదే తిరకాసు. మా అంచెలో నీరుగంటికిచ్చే మడి కాలవ చిట్టచివర ఉంటుంది. అది తడిస్తేనే వాడికి అన్నం. మడి లేనోడి చేతికి మేం తూము ఇయ్యం."

రాయి రొమ్ము దాటింది. బయ్యన్న అరచేతుల్లో ఉమ్మేసుకుని ఎడమ బిరడా పట్టి, కాలు స్తంభానికి తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు.

వెయ్యేళ్ళ నీళ్ళు దిగాయి. పడలేదు, దిగాయి. తెల్లని స్తంభంలా, మేఘం మెట్లు దిగినట్టు, గుహంతా తామరపూల వాసన నింపుతూ దిగాయి. చేపలు వెండి నాణేల్లా జలజల రాలి కాలవల్లో పడ్డాయి. రథం పట్టే మొదటి కాలవ నోరు తెరుచుకుని తాగింది. మోకాలెత్తు పారింది. మొలలోతుకు వస్తూంది. పక్కన ఏడో కాలవలో ఇంకా చెమ్మ కూడా లేదు.

బయ్యన్న పార విప్పి మొదటి కాలవ మొదట్లో ఇరుకైన గొంతులో అడ్డంగా దిగగొట్టాడు.

గుహ దద్దరిల్లింది. "ఒక్కటే తీయమన్నాను" అన్నాడు యక్షుడు.

"ఒక్కటే తీసినా. రెండోదాన్ని ముట్టుకోలా. పార అడ్డం పెట్టొద్దని తమరు చెప్పలా." బయ్యన్న ఊపిరి తిప్పుకున్నాడు. "పైమడికి తొలి తడి ఇచ్చినా, కాదనలా. చివరి మడి తడిసేదాకా రెండో తడి లేదు. ఇది నా మాట కాదు, మా తాత మాట కాదు. నీళ్ళ పద్ధతి."

మళ్ళిన నీళ్ళు రెండో కాలవకు, మూడో కాలవకు, అక్కడి నుంచి వరసగా ఏడో కాలవకు ఎక్కాయి. చిటికెనవేలంత కాలవ రాయిని కోసుకుంటూ బారెడు వెడల్పయింది. హేమనళిని రొమ్ము మీది రాయి దిగింది. నడుము దిగింది, మోకాళ్ళు దిగింది. చీలమండల దగ్గర ఆగిపోయింది.

నెత్తి మీద మిగిలిన నీళ్ళలో మళ్ళీ ఏడంచెలపురం కనిపిస్తూంది. నీళ్ళు మెట్టు మెట్టూ దిగి ఏడో అంచెకు చేరాయి. నలభై గడపల జనం కుండలతో పరుగెడుతున్నారు. ఒక ముసలామె కాలవలో కూర్చునే తాగుతూంది. అది తన పెద్దవ్వ. బయ్యన్న కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడో అంచె తడిసింది" అంది రాకుమారి. "మరి నా పాదాలు?"

బయ్యన్న మళ్ళీ చూశాడు. నీళ్ళు ఏడో అంచె దగ్గర ఆగలేదు. కోటగోడ కింది తూము దాటి, అవతలి ఇసక నేలలోకి పోతున్నాయి. అక్కడ ఊరున్నదని ఎవరూ చెప్పలేదు. తనూ ఎన్నడూ అడగలేదు. అతని మడి కోటగోడకు జానెడు ఇవతల ఉంది. ముప్పై ఏళ్ళు అదే చివరిదనుకున్నాడు. ఆ ముసలి గొంతు గోడ అవతలిది.

"ఎనిమిదోది ఉంది" అన్నాడు.

"ఈ పొద్దు గూకే లోపల" అన్నాడు యక్షుడు. వంగి దోసెడు నీళ్ళు తాగాడు. పెదవుల నెర్రెలు పూడుకుపోయాయి. పార కొన మీద చెయ్యి వేసి, "దీన్ని నేను పట్టుకుంటాను. పొద్దు గూకేసరికి ఆ చివర తడవకపోతే రాయి మళ్ళీ పైకెక్కుతుంది" అన్నాడు. నీళ్ళతో దిగిన తామర తీగ నుంచి మంచమంత ఆకు తుంచి కాలవలో వేశాడు.

బయ్యన్న రాకుమారిని ఎత్తి ఆకు మీద కూర్చోబెట్టి తనూ ఎక్కాడు. రాతిపాదాల బరువుకు ఆకు ఒక పక్క ఒరిగింది. మరుక్షణం గుహ బయటికి విసిరినట్టు పోయారు. ఎండిన ఏరు నిండుగా లేచి వాళ్ళను మోసింది. మొదటి అంచె మేడలు గిర్రున తిరిగి వెనక్కి పోయాయి. పిట్టగోడ మీద రాజుగారు, చుట్టూ గొడుగులు.

"మా నాన్నగారు" అంది హేమనళిని.

"దణ్ణం పెట్టండి."

"చేతులు ఖాళీ లేవు" అంది, ఆకు అంచు గట్టిగా పట్టుకుని.

రెండో అంచె, నాలుగో అంచె, ఆరో అంచె. జలపాతం నుంచి జలపాతానికి ఆకు గెంతింది. ఏడో అంచెలో పడేసరికి కోటగోడ ఎదురుగా ఉంది. గోడ కింద తూము. ఆ తూము ముందు జనం.

రాజభటులు కారు. బయ్యన్న ఇరుగుపొరుగులే. మొలలోతు నీళ్ళలో నిలబడి, బండలు దొర్లిస్తూ, తూము మూస్తున్నారు. అందరికీ ముందు అతని మేనమామ ఓబులప్ప.

"వచ్చినావా అల్లుడా" అన్నాడు ఓబులప్ప. "మూడేండ్ల తర్వాత నీళ్ళు తెచ్చినావు. దేవుడివి. మన నీళ్ళు బయటికి పోతాండాయి, చూసినావా? రా, ఒక చెయ్యెయ్యి."

"మూయొద్దు మామా. అవతల మనుషులుండారు."

"ఉంటే? వాళ్ళెవరు మనకు?"

"పైవాళ్ళు మన గురించి ఆ మాటే అన్నారు."

ఓబులప్ప బండ మీద భుజం ఆనించాడు. "పైవాళ్ళకు కొలనులుండాయి రా. మనకుండేది ఒక కుండ. మళ్ళీ ఎండితే? నువ్వు చెప్పు."

బయ్యన్న పొద్దు వైపు చూశాడు. ఆ భయం తనకూ తెలుసు. అదే భయంతో తనూ పెరిగాడు. పడమటి కొండకు పొద్దు బారెడు దూరంలో ఉంది. హేమనళిని చీలమండల మీదికి బూడిదరంగు ఒక వేలు పాకింది.

తూములో మిగిలిన సందు మనిషి పట్టేంత. బయ్యన్న రాకుమారిని వీపున వేసుకున్నాడు. మామను తోయలేదు, బండను ముట్టలేదు. ఊపిరి బిగబట్టి ఆ సందులోకి దూకాడు. రాయి వీపు గీరింది. చీకటి. మళ్ళీ వెలుతురు. ఇద్దరూ గోడ అవతల ఇసకలో పడ్డారు. వెనక చివరి బండ దబ్బున కూర్చున్న చప్పుడైంది.

బండల సందుల్లోంచి ఒక సన్నని ధార మాత్రం వస్తూంది, దారమంత. ఎదురుగా, చూపు పోయినంత దూరం ఇసక, దాని చివర ఎక్కడో ఆ ముసలి గొంతు. ధార రెండు బారలు పోయి, ఇసకలో ఇంకిపోతూంది.

పార లేదు. బయ్యన్న మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో కాలవ తవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి పక్కన ఇసక కదిలింది. హేమనళిని రాతికాళ్ళు ఈడ్చుకుంటూ అతని కంటే ముందుకు పాకి, అంగీ చేతులు మోచేతుల దాకా తోసుకుని, తవ్వుతూంది.

"వంకర పోనీయకండి తల్లీ" అన్నాడు బయ్యన్న. "తిన్నగా రానీయండి."